సెకండ్‌హ్యాండ్ కారు టైర్లు ఒకవైపే అరుగుతున్నాయా, బండి నిలకడగా పోవట్లేదా? ఇంటి దగ్గరే కారణం పట్టుకోండిలా

పాత కారు కొన్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "కొత్త టైర్లు వేయించాను, అలైన్‌మెంట్ కూడా చేయించాను. అయినా లోపలి అంచు నున్నగా అయిపోయింది, 80 దాటితే స్టీరింగ్ ఊగుతోంది. ఇంకేం చేయాలి?" అలైన్‌మెంట్ అంటే చక్రాలు నిలబడే కోణాలని మెషిన్ మీద కొలిచి సరిచేయడం. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

నాకూ ఇదే జరిగింది. పదేళ్ల నాటి చిన్న హ్యాచ్‌బ్యాక్ కొని ముందు రెండు టైర్లూ కొత్తవి వేయించాను. 6,000 కిలోమీటర్లు తిరిగేసరికి ఎడమ ముందు టైరు లోపలి అంచు 7.5 మిల్లీమీటర్ల నుంచి 4కి దిగిపోయింది. బయటి అంచు మాత్రం 6.5 దగ్గరే ఉంది. ఈలోపు రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించాను, రెండుసార్లూ మెషిన్ మీద అంకెలు పచ్చగానే, అంటే హద్దులోనే వచ్చాయి. చివరికి గుంటూరులో మా వీధి మెకానిక్ బండిని పైకెత్తి, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి ఒంటికి కలిపే కింది చెయ్యి) వెనక బుష్ (కీలు దగ్గరి రబ్బరు తొడుగు) దగ్గర లివర్ పెట్టి నొక్కాడు. రబ్బరు అడ్డంగా చీలిపోయి ఉంది. లివర్ కదిపినప్పుడల్లా ఆర్మ్ మొత్తం అటూ ఇటూ జరుగుతోంది. "అలైన్‌మెంట్‌ది కాదు అబ్బాయ్, బుష్ పోయింది. ఇది ఇట్టా ఊగుతుంటే నువ్వు నెలకోసారి చేయించినా నిలవదు" అన్నాడు. బండి నిలబడి ఉంటే చక్రం సరైన చోటే ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు, గుంతలో పడినప్పుడు పక్కకి జరుగుతుంది. మెషిన్ చూసేది నిలబడి ఉన్న బండిని కదా.

అందుకే వరస ముఖ్యం: ముందు గాలి, తర్వాత టైరు, ఆ తర్వాత వదులు భాగాలు, అన్నీ అయ్యాకే అలైన్‌మెంట్. చాలామంది చివరిది ముందు చేయించి డబ్బు పోగొట్టుకుంటున్నారు.

కావలసినవి

- గాలి కొలిచే చేతి మీటరు. పెట్రోల్ బంకులో మీటరు మీదే ఆధారపడకండి, ఒక్కో చోట ఒక్కో అంకె చూపిస్తుంది.
- ట్రెడ్ లోతు, అంటే టైరు గాడుల లోతు కొలిచే గేజ్. లేకపోతే అగ్గిపుల్ల, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు చాలు. పుల్లని గాడిలో నిలబెట్టి, టైరు పైభాగానికి సమంగా గోరుతో నొక్కు పెట్టి, బయటికి తీసి కొలవండి.
- బండితో వచ్చిన జాకీ, వీల్ స్పానర్, ఆరు గట్టి ఇటుకలు.
- చాక్‌పీస్, ఇంచీ టేపు, మూరెడు దారం, దాని చివర కట్టడానికి బరువైన నట్టు.
- టార్చ్, కెమెరా ఉన్న ఫోను. ఒక నోటు పుస్తకం.
- తోడుగా ఇంకో మనిషి. ఒక్కరే చేయకండి.

ఎండెక్కక ముందు, బండి రాత్రంతా ఆగి ఉన్నాక మొదలుపెడితే ఇంటి దగ్గర చేసేవి రెండు గంటల్లో అయిపోతాయి.

1. పాత టైర్లు పారేయకండి, ముందు ఫొటోలు తీయండి

అరిగిన టైరే మీకు దొరికే మొదటి సాక్ష్యం. దుకాణంలో పాతవి ఇచ్చేసి కొత్తవి వేయించుకుంటే ఆ సాక్ష్యం పోతుంది, రోగం మాత్రం బండిలోనే ఉంటుంది. మళ్లీ గుర్తులు కనిపించడానికి ఇంకో అయిదారు వేల కిలోమీటర్లు తిరగాలి.

నాలుగు టైర్లనీ ఫొటో తీసి, ఏది ఎక్కడిదో రాసుకోండి. ముందు టైరు లోపలి అంచు నిలబడి చూస్తే కనిపించదు. స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పితే బయటపడుతుంది. వెనక టైరుకైతే ఫోను కింద పెట్టి లోపలి వైపు నుంచి తీయండి. బండి చూడ్డానికి వెళ్లిన చాలామంది బయటి వైపు మెరుస్తుంటే చాలనుకుంటారు. నల్ల పాలిష్ పూస్తే ఏ టైరైనా మెరుస్తుంది.

ఈ పనిలో పక్కగోడ మీద ఉబ్బు కనిపించినా, ఎక్కడైనా తీగలు బయటపడినా, మిగతా పరీక్షలన్నీ ఆపేయండి. ఆ టైరుతో రోడ్డెక్కకూడదు. స్టెప్నీ వేసుకుని నేరుగా టైరు దుకాణానికి వెళ్లండి.

2. చల్లగా ఉన్నప్పుడే గాలి చూడండి

ఎంత గాలి ఉండాలో డ్రైవర్ డోర్ తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. చిన్న కార్లకి ఎక్కువగా 29 నుంచి 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య ఉంటుంది. టైరు పక్కగోడ మీద రాసి ఉండేది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ప్రెషర్, మీరు కొట్టించాల్సింది కాదు. ఈ పొరపాటు వల్ల మధ్యభాగం మాత్రమే అరిగిన టైర్లు చాలా చూశాను.

ఎండలో అరగంట నడిపాక కొలిస్తే నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే, తెల్లారేసరికి తక్కువైపోతుంది. వేసవిలో పేలుతుందేమోనన్న భయంతో మనవాళ్లు కావాలనే గాలి తగ్గిస్తారు, అది తలకిందుల పని. గాలి తక్కువైన టైరు పక్కగోడ ఎక్కువగా మడతపడి, ఇంకా వేడెక్కుతుంది.

నాలుగూ సరిచేసి వారం నడపండి. పక్కకి లాగడం అక్కడితో తగ్గిన బండ్లు ఉన్నాయి. వారంలో ఒక్క టైరులోనే గాలి దిగుతుంటే పంక్చరు గానీ, వాల్వు గానీ, రిమ్ వంపు గానీ ఉంటుంది.

3. టైరు మీద రాసింది చదవండి

నాలుగింటి సైజూ ఒకటేనా, డోర్ స్టిక్కర్ మీద ఉన్నదేనా చూడండి. 165/80 ఆర్14 ఉండాల్సిన చోట ఒకవైపు 175/70 వేసి అమ్మేసినవాళ్లు ఉన్నారు. ఒకే ఇరుసు మీద రెండు వేర్వేరు కంపెనీల టైర్లు, లేదా ఒకటి కొత్తది, ఒకటి బాగా అరిగింది ఉంటే బండి పక్కకి లాగడానికి అదే కారణం కావచ్చు.

పక్కగోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. స్టెప్నీ మీది తేదీ కూడా చూడండి. అది బండి వయసుకి దగ్గరగా ఉండి, మిగతా నాలుగూ నెల కిందటివైతే, అమ్మేముందు పాత అరుగుదలని దాచడానికి మార్చారేమో అనుమానించండి. నిజమైన కారణంతోనూ మార్చి ఉండొచ్చు, కాబట్టి పాత టైర్ల గురించి అడిగి తెలుసుకోండి.

ముందు టైర్లు అరిగితే వెనక్కి వేయడం మామూలే. కాబట్టి వెనక టైరు మీద కనిపించే గుర్తు ముందు చక్రం వల్ల వచ్చింది కావచ్చు. టైర్లు ఎప్పుడు అటూ ఇటూ మార్చారో తెలియకుండా వెనక ఇరుసుని తప్పుపట్టకండి.

అరిగిన టైరుకి గాడులు మళ్లీ కోసి అమ్మేవాళ్లూ ఉన్నారు. గాడి అడుగున అక్కడక్కడా చిన్న గట్లు ఉంటాయి, వాటి సూటిగా పక్కగోడ మీద టీడబ్ల్యూఐ (TWI) అనో, చిన్న త్రికోణమో ఉంటుంది. ఆ గట్టు ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. గట్టూ టైరూ సమానమైతే టైరు ఆయుష్షు అయిపోయినట్టు. గుర్తు ఉన్న చోట గట్టే కనిపించకపోతే ఆ టైరుని నమ్మొద్దు.

4. మూడు చోట్ల లోతు కొలవండి

ప్రతి టైరుకీ లోపలి అంచు, మధ్య, బయటి అంచు కొలిచి రాయండి. టైరు చుట్టూ కనీసం మూడు చోట్ల. మొత్తం 36 అంకెలు. విసుగు పనే, కానీ ఇది లేకుండా మిగతాది అంతా ఊహే.

రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే చాలాకాలం గాలి తక్కువగా నడిపారు. మధ్య అరిగి అంచులు మిగిలితే గాలి ఎక్కువ. ఈ రెండూ పాత యజమాని అలవాట్లే అయ్యుండొచ్చు, బండిలో లోపం ఉండక్కర్లేదు.

ఒక్క అంచే అరిగితే చక్రం నిలబడే కోణంలో తేడా ఉంది. రెండు ముందు టైర్లకీ లోపలి అంచులే పోతే చక్రాల ముందు భాగాలు బయటికి విచ్చుకుని ఉండొచ్చు, దాన్ని టో అవుట్ అంటారు. రెండింటికీ బయటి అంచులే పోతే టో ఇన్, అంటే ముందు భాగాలు లోపలికి ముడుచుకోవడం, ఎక్కువై ఉండొచ్చు. ఒక్క టైరుకే ఒక్క అంచు పోతే, ఆ మూలన వంగినదో వదులైనదో ఏదో ఉంది: స్ట్రట్ (స్ప్రింగు, షాకప్ కలిసి ఉండే భాగం), నకిల్ (చక్రం బిగించే ఇనుప దిమ్మ), లోయర్ ఆర్మ్, బుష్. నా బండి సంగతి ఇదే.

టైరు చుట్టూ ఒకచోట లోతు, ఒకచోట మిట్టగా గుంటలు గుంటలుగా ఉంటే షాకప్‌లు పోయి ఉంటాయి, లేదా బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా సరిచేయడం) లేకుండా తిరిగి ఉంటుంది. ఒకేచోట అరచేయంత నున్నటి మచ్చ ఉంటే గట్టి బ్రేకుకి చక్రం బిగుసుకుని ఈడ్చుకుపోయిన గుర్తు.

5. చేత్తో తడమండి

కంటికి దొరకనిది చేతికి దొరుకుతుంది. తీగలు, మేకులు లేవని చూసుకుని, అరచేతిని టైరు మీద అడ్డంగా బయటి నుంచి లోపలికి, తర్వాత లోపలి నుంచి బయటికి మెల్లగా జరపండి. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు రంపం పళ్లలా గుచ్చుకుంటే టో తప్పింది. బయటికి జరిపినప్పుడు గుచ్చుకుంటే టో ఇన్ ఎక్కువ. లోపలికి జరిపినప్పుడు గుచ్చుకుంటే టో అవుట్. లోతు గేజ్ ఇంకా తేడా చూపించకముందే ఇది తెలిసిపోతుంది, అందుకే నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష.

6. నడిపి చూడండి, ఒక్కోసారి ఒక్కదాన్నే గమనించండి

ఖాళీ, తిన్నని రోడ్డు ఎంచుకోండి. స్టీరింగ్ వదిలేయొద్దు. వేళ్లు తాకిస్తూ పట్టు మాత్రం సడలించండి.

మన రోడ్లు నీళ్లు పోవడానికి మధ్యలో ఎత్తుగా, ఎడమ అంచుకి వాలుగా ఉంటాయి. కాబట్టి మెల్లగా ఎడమకి జరగడం లోపం కాదు. వెంటనే లాగినా, ఆ వాలుకి ఎదురుగా కుడికి లాగినా లోపమే. అప్పుడు ముందు రెండు చక్రాలని ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి మళ్లీ అదే రోడ్డు మీద నడపండి. లాగే వైపు మారితే తప్పు టైరుది. మారకపోతే బండిది. టైరు మీద తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే, ఈ పరీక్షకోసం కొద్ది దూరం మాత్రమే, నిదానంగా, తడి లేని రోడ్డు మీద నడిపి, వెంటనే తిరిగి మార్చేయండి.

80 నుంచి 110 మధ్య స్టీరింగ్ వణికితే ముందు చక్రాల బ్యాలెన్సింగ్. సీటు కింద వణుకు తెలిస్తే వెనక చక్రాలది. 30, 40లోనే బండి కుంటినట్టు ఊగితే రిమ్ వంగి ఉండాలి, లేదా టైరు లోపలి బెల్టు విడిపోతూ ఉండాలి. రెండోది ప్రమాదం, ఆ బండితో హైవే ఎక్కొద్దు. బ్రేకు వేసినప్పుడు మాత్రమే వణికితే డిస్కులు చూపించండి.

వేగంతో పెరిగే గుయ్‌మనే హోరు వస్తోందా? మెల్లగా పెద్ద వంపు తిరిగేటప్పుడు వినండి. కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే ఎడమ చక్రం బేరింగ్ (చక్రం తిరిగే గుళ్ల రింగు) అనుమానించండి. గుంటలు పడ్డ టైరు కూడా ఇలాగే హోరు పెడుతుంది, కానీ వంపుల్లో పెద్దగా మారదు.

పది కిలోమీటర్లు బ్రేకు తక్కువ వాడుతూ నడిపి ఆపండి. ప్రతి చక్రం దగ్గరికీ చెయ్యి తీసుకెళ్లి వేడి చూడండి. డిస్కుని గానీ రిమ్‌ని గానీ తాకకండి, కాలుతుంది. ఒక్కటే సెగ కొడుతుంటే ఆ చక్రం బ్రేకు పట్టేసి ఉంది. పక్కకి లాగడానికి కారణం అదే కావచ్చు, అలైన్‌మెంట్‌తో అది పోదు.

7. చక్రం ఎత్తి కుదపండి

సమంగా, గట్టిగా ఉన్న నేల మీదే. హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో పెట్టి, ఎత్తని చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు పెట్టండి. స్టెప్నీని బండి అంచు కింద పడుకోబెట్టండి, జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. జాకీ మీదున్న బండి కిందకి తల గానీ చెయ్యి గానీ పెట్టకండి. కింద చూడాల్సినవన్నీ లిఫ్ట్ ఉన్న షెడ్డులో చూపించుకోండి.

చక్రాన్ని గడియారం అనుకోండి. 12 దగ్గర ఒక చెయ్యి, 6 దగ్గర ఒక చెయ్యి పెట్టి కుదపండి. టకటక ఆడితే బేరింగో, బాల్ జాయింటో (లోయర్ ఆర్మ్ చివర ఉండే గుండు కీలు) వదులైంది. తోడున్న మనిషిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. ఆట ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్ వైపు చూడాలి. తర్వాత 9, 3 దగ్గర పట్టుకుని కుదపండి. ఇక్కడ మాత్రమే ఆడితే టై రాడ్ ఎండ్ గానీ స్టీరింగ్ ర్యాక్ ఎండ్ గానీ, అంటే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ కీళ్లు, వదులైనట్టు.

చక్రం తిరగాలంటే, ఇటుకలు అలాగే ఉంచి, ముందు చక్రమైతే గేరు న్యూట్రల్‌కి తెచ్చి హ్యాండ్‌బ్రేకు ఉంచండి, వెనకదైతే గేరులోనే ఉంచి హ్యాండ్‌బ్రేకు వదలండి. చక్రాన్ని చేత్తో తిప్పి, రిమ్ అంచుకి దగ్గరగా చాక్‌పీస్ కదలకుండా పట్టుకోండి. ఒక్కచోటే గీత పడితే రిమ్ వంగింది.

8. షాకప్‌లు, బుష్‌లు

బానెట్ మూల నొక్కి వదిలే పరీక్ష అందరికీ తెలుసు. ఒకసారి లేచి ఆగాలి, ఊగుతూనే ఉంటే షాకప్ పోయినట్టే. కానీ ఆగినంత మాత్రాన బాగుందని కాదు. స్టీరింగ్ తిప్పి, చక్రం సందులోంచి టార్చ్ వేసి షాకప్ ఒళ్లు చూడండి. నూనె తడికి దుమ్ము ముద్దగా అంటుకుని ఉంటే కారుతున్నట్టే. రెండు ముందువీ ఒకేసారి మార్చండి. ఒక్కటే మారిస్తే బండి రెండు పక్కలూ రెండు తీర్లుగా నడుస్తుంది.

స్పీడ్ బ్రేకర్ మీద నిదానంగా వెళ్తే టక్కుమని ఒక దెబ్బ వినిపిస్తే లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్ట్రట్ పైన ఉండే మౌంట్ చూపించండి. షెడ్డులో మెకానిక్‌ని ఒక్కటే అడగండి: "బుష్ దగ్గర లివర్ పెట్టి కదిపి నాకు చూపించండి." కళ్లతో చూసి "బాగానే ఉంది" అంటే ఒప్పుకోకండి. నా బండి బుష్ కూడా బయటికి బాగానే కనిపించింది.

9. ఇంట్లో తీసే మూడు కొలతలు

అలైన్‌మెంట్‌కి ఇవి బదులు కావు. కానీ బండి కొనాలా వద్దా తేల్చుకోడానికి, మెషిన్ చెప్పింది నిజమో కాదో చూసుకోడానికి పనికొస్తాయి.

టో: స్టీరింగ్ తిన్నగా పెట్టి, బండిని కాస్త ముందుకి తోసి ఆపండి. రెండు ముందు టైర్ల ముందు వైపున, నేల నుంచి ఒకే ఎత్తులో, మధ్య గాడిలో చాక్‌తో గుర్తు పెట్టి వాటి మధ్య దూరం కొలవండి. బండిని ముందుకి తోస్తూ ఆ గుర్తులు వెనక వైపు అదే ఎత్తుకి వచ్చాక మళ్లీ కొలవండి. ముందు దూరం తక్కువైతే టో ఇన్, ఎక్కువైతే టో అవుట్. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా మామూలు. అయిదు వస్తే తప్పకుండా ఏదో ఉంది. బండిని వెనక్కి తోసి కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎప్పుడూ ముందుకే.

క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం): చక్రం బయటి ముఖానికి ఎదురుగా, నట్టు కట్టిన దారం వేలాడదీసి, రిమ్ పై అంచుకీ కింది అంచుకీ దారం నుంచి ఎంత దూరమో కొలవండి. 14 అంగుళాల రిమ్‌కి 6 మిల్లీమీటర్ల తేడా అంటే సుమారు ఒక డిగ్రీ. అసలు అంకె కన్నా ఎడమకీ కుడికీ పోలికే మీకు కావాల్సింది.

చక్రాల మధ్య దూరం: ముందు చక్రం నడిబొడ్డు నుంచి వెనక చక్రం నడిబొడ్డుకి, రెండు పక్కలా కొలవండి. దాదాపు అన్ని కార్లకీ రెండూ ఒకటే ఉండాలి. సెంటీమీటరు దాటి తేడా వస్తే దెబ్బ తిన్న బండేమోనని అనుమానించాలి. ఇంకా కొనని బండైతే వదిలేయండి. ధర ఎంత తగ్గించినా సరే.

10. అలైన్‌మెంట్‌కి వెళ్లినప్పుడు

వదులు భాగాలు మార్చాకే వెళ్లండి. డిక్కీలో సామాను తీసేసి, గాలి సరిచూసి తీసుకెళ్లండి. చేయకముందు ఒకటి, చేశాక ఒకటి, అంకెల ప్రింట్లు రెండూ అడిగి తీసుకోండి. ముందు ప్రింటు ఇవ్వనంటే ఇంకో చోటికి వెళ్లండి.

చిన్న కార్లలో చాలావాటికి సరిచేయడానికి వీలున్నది ముందు చక్రాల టో ఒక్కటే. క్యాంబర్ హద్దు దాటితే మెషిన్ సరిచేయదు, వంగిన భాగం వెతకాలి. వెనక ఇరుసు కూడా అంతే, ఆ కార్లలో ఎక్కువ వాటికి తిప్పే బోల్టే ఉండదు. వెనక అంకెలు ఎర్రగా వచ్చి "అది పర్లేదు సార్" అన్నారంటే, ఎందుకు పర్లేదో అడగండి.

క్యాంబర్ తప్పిందని స్ట్రట్‌ని గొలుసులతో లాగి వంచే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. చేయించకండి.

11. బాగైందో లేదో చూసుకోవడం

తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ మధ్యలో నిలబడాలి. ఏ మాత్రం వంకరగా ఉన్నా అదే రోజు వెనక్కి తీసుకెళ్లండి. చక్రాలు విప్పి బిగించారు కాబట్టి, 50 కిలోమీటర్లు తిరిగాక నట్లు ఒకసారి మళ్లీ బిగించి చూసుకోండి.

అరిగిన టైరు బాగైన బండి మీద కూడా హోరు పెడుతుంది, కొద్దిగా లాగుతుంది. దాన్ని చూసి పని జరగలేదనుకోవద్దు. అందుకే ఆ రోజే లోతులు మళ్లీ కొలిచి తేదీ, కిలోమీటర్లతో సహా రాయండి. 1,000కి ఒకసారి, 3,000కి ఒకసారి అవే చోట్ల కొలవండి. ఎంత లోతుందన్నది కాదు, లోపలి అంచూ బయటి అంచూ ఒకేలా తగ్గుతున్నాయా అన్నది చూడాలి. ఈలోపు టైర్లు అటూ ఇటూ మార్చొద్దు, లెక్క కలిసిపోతుంది. 3,000 కొలత అయ్యాక మార్చుకోండి, ఆపైన ప్రతి 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకి.

నా బండికి రెండు పక్కలా లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్పించి, టో సరిచేయించాక ఎడమ ముందు చక్రానికి కొత్త టైరు వేశాను. 3,000 కిలోమీటర్ల దగ్గర నోటు పుస్తకంలో రాసుకున్నది ఇది: లోపల 7.5 నుంచి 7.0, మధ్య 7.5 నుంచి 7.1, బయట 7.5 నుంచి 7.0.